క్యాన్సర్ తగ్గాక ఆయుర్వేదం ఖర్చు: గాజులు మళ్లీ తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మా ఆవిడకు 44 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో, రేడియేషన్ పూర్తయి ఏడాదిన్నర. జబ్బు మళ్లీ రాకుండా డాక్టర్ రాసిన టమాక్సిఫెన్ మాత్ర ఇప్పుడు రోజూ వేసుకుంటోంది. దాంతోపాటు ఆయుర్వేద మందులకు నెలకు 6,500, పసుపు క్యాప్సూల్స్, తిప్పతీగ, పొడులకు 4,200, యోగా క్లాసుకు 1,500 అవుతోంది. ఈమధ్య ఒక సెంటర్ వాళ్లు, జబ్బు మళ్లీ రాకుండా చూస్తామని 1,80,000 రూపాయల ఏడాది ప్యాకేజీ చెప్పారు. కీమో అప్పుడు తాకట్టు పెట్టి మొన్ననే విడిపించిన గాజుల మీదే గోల్డ్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. చేతికొచ్చే జీతం 58,000. ఇంటి లోన్ ఈఎంఐ 17,000. ఎఫ్‌డీ 2 లక్షలు, కంపెనీ ఇన్సూరెన్స్ 5 లక్షలు. వద్దంటే డబ్బు కోసం వెనకాడినట్టు ఉంటుందేమో. ఏం చెయ్యమంటారు? – గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆ గాజులు ఇంట్లోనే ఉండనివ్వండి. ప్యాకేజీ తీసుకోవద్దు. ఇది మీ ఆవిడ మీద ప్రేమకు సంబంధించిన విషయం కాదు. క్యాన్సర్ నయం చేస్తామని, రాకుండా ఆపుతామని ప్రకటనలు ఇవ్వడాన్నే 1954 నాటి చట్టం నిషేధించింది. పైగా గోల్డ్ లోన్ వడ్డీ 12 శాతం అనుకున్నా ఏడాదికి 21,600 అదనం. ఆయుష్ (ఆయుర్వేదం, హోమియో లాంటి) చికిత్సకు ఇన్సూరెన్స్ ఉంటుంది గానీ, మామూలుగా అది ఆయుష్ ఆసుపత్రిలో చేరి చికిత్స తీసుకుంటేనే. ఇంటికి తెచ్చుకునే మందులకు, ఇలాంటి ప్యాకేజీలకు రాదు. ‘క్లెయిమ్ అవుతుంది’ అని సెంటర్ వాళ్లంటే, ఆ మాట ఇన్సూరెన్స్ కంపెనీ చేత రాయించి ఇమ్మనండి.

ఇక నెలనెలా పెడుతున్న 12,200. అంతా ఆపమని నేను అనను. అంత పెద్ద జబ్బు దాటొచ్చిన మనిషికి ప్రతి చిన్న నొప్పికీ భయమేస్తుంది. తన ఒంటి కోసం తానూ ఏదో చేస్తున్నానన్న ధైర్యం ఆవిడకు కావాలి. యోగా మాత్రం తప్పకుండా కొనసాగించండి. చికిత్స తర్వాత మిగిలే నీరసానికి, టెన్షన్‌కు అది ఉపయోగపడుతుందని క్యాన్సర్ డాక్టర్లే చెబుతున్నారు.

పొడులు, క్యాప్సూల్స్ సంగతి వేరు. నేను డాక్టర్ని కాదు, కానీ డబ్బు పెట్టే ముందు ఈ ప్రశ్న అడగాల్సిందే: ఆవిడ ఏమేం వాడుతున్నారో ఆంకాలజిస్టుకు, అంటే క్యాన్సర్ డాక్టర్‌కు, చెప్పారా? చాలామంది తిడతారేమోనని చెప్పరు. పసుపు క్యాప్సూల్స్‌తో కలిపి వేసుకున్నప్పుడు టమాక్సిఫెన్ నుంచి ఒంట్లో తయారయ్యే అసలు పనిచేసే పదార్థం రక్తంలో తగ్గినట్టు ఒక అధ్యయనంలో కనిపించింది. కూరలో వేసే పసుపు గురించి కాదు, ఎక్కువ మోతాదు క్యాప్సూల్స్ గురించి అంటున్నాను. తిప్పతీగ వాడినవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతిందని ముంబయి డాక్టర్లు 2021లో రిపోర్ట్ చేశారు. డబ్బు పోతే పోయింది, అసలు మందుకే అడ్డమొస్తే ఎలా? వచ్చే చెకప్‌కు వాడుతున్న సీసాలూ డబ్బాలూ అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లి టేబుల్ మీద పెట్టండి. ఆయన వద్దన్నవి ఆపేయండి. పర్లేదన్నవాటికి నెలకు 2,500 మించకుండా చూసుకోండి.

ఫాలోఅప్ డబ్బుకు మాత్రం దేనికోసమూ చెయ్యి పెట్టకూడదు. ఏటా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), కొన్ని నెలలకోసారి డాక్టర్ని కలవడం, టమాక్సిఫెన్. ఈ మాత్రలు మామూలుగా అయిదు నుంచి పదేళ్లు వాడాలి. ఈ నెల డబ్బుల్లేవని చెకప్ ఒక్కసారి వాయిదా వేస్తే అదే అలవాటవుతుంది. అందుకే వీటన్నిటికీ, బస్సు ఛార్జీలతో సహా, నెలకు 3,000 వేరే ఆర్‌డీలో (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్‌లో) వేయండి. యోగా 1,500, ఆర్‌డీ 3,000, డాక్టర్ ఒప్పుకున్న మందులు 2,500 కలిపితే 7,000. మిగిలిన 5,200 ఎటు వెళ్లాలో చెప్తాను.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ప్యాకేజీ కాదు, ఇన్సూరెన్స్. ఉన్నది కంపెనీ పాలసీ ఒక్కటే. రేపు ఉద్యోగం మారినా, పోయినా ఆవిడకు ఏ రక్షణా లేకుండా పోవచ్చు. ఇప్పుడే మీ హెచ్‌ఆర్‌ను అడగండి: ఉద్యోగం మానేస్తే ఈ గ్రూప్ పాలసీని అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీగా మార్చుకోవచ్చా, దానికి గడువెంత అని. దాంతోపాటు, క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్ల కోసమే ఉన్న పాలసీల ధరలు కూడా కనుక్కోండి. ప్రీమియం ఎక్కువే ఉంటుంది. పాత జబ్బుకు వెయిటింగ్ పీరియడ్, అంటే ఆ జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని కాలం, మూడేళ్ల దాకా పెట్టొచ్చు. అందుకే ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిది. సొంత హెల్త్ పాలసీల ప్రీమియం మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు, అది కొంత ఊరట. ఫారంలో జబ్బు సంగతి దాచకండి. దాస్తే క్లెయిమ్ రోజున పాలసీయే రద్దు చేయొచ్చు. ఆ 5,200 ఈ ప్రీమియంకు. పాలసీ దొరికేదాకా ఎఫ్‌డీలో కలపండి.

పన్ను సంగతి ఒక్క మాట. క్యాన్సర్ చికిత్సకు 40,000 దాకా మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది. మీ జీతానికి కొత్త విధానంలో అసలు పన్నే పడదు కాబట్టి దాని కోసం బిల్లులు పోగేయక్కర్లేదు. మీ అమ్మానాన్నల్లో ఎవరికైనా 70 దాటితే మాత్రం ప్రభుత్వం ఇచ్చే ఆయుష్మాన్ కార్డు తీయించండి. ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల దాకా చికిత్స ఉచితం, వాళ్ల ఖర్చు మీ మీద పడకుండా ఉంటుంది.

ఇదంతా ఆవిడతో కూర్చుని మాట్లాడండి. ‘ఇది దండగ’ అని మొదలుపెట్టకండి. ముందు ఆర్‌డీ తెరిచి పాస్‌బుక్ ఆవిడ చేతికివ్వండి. ప్యాకేజీ మాట ఆ తర్వాత ఎత్తండి.