పాత రోమ్ ఆడాలా, రోమ్ 2 ఆడాలా?

టోటల్ వార్ అనే కంప్యూటర్ గేమ్‌ల సిరీస్‌లో (టర్న్‌ల వారీగా రాజ్యాన్ని నడుపుతూ, యుద్ధాలు మనమే ఆడే ఆటలు) రోమ్ పాతదీ, రోమ్ 2 రెండూ ఉన్నాయి కదా, కొత్తది ఉండగా పాతది ఆడటం దండగేనా అని అడిగారు. దండగ కాదు. నేను రెండూ బాగానే ఆడాను, నాకు అనిపించింది చెప్తాను.

పాతది 2004లో వచ్చింది, రెండోది 2013లో. పాతదాని మీద ఎన్ని గంటలు పోశానో నాకే తెలియదు. అప్పట్లో గంటలు లెక్కేసి చూపించే ఏర్పాటు లేదు, లేకపోవడమే మంచిదైంది. రోమ్ 2 విడుదలైనప్పుడు బగ్‌లని ఆడినవాళ్లంతా గోల పెడుతుంటే ఆగిపోయాను. 2014 సెప్టెంబరులో ఎంపరర్ ఎడిషన్ అనే దిద్దిన వెర్షన్ వచ్చి చాలావరకు సర్దుకున్నాకే మొదలుపెట్టాను. కాబట్టి నేను పోల్చేది సర్దుకున్న రోమ్ 2తోనే.

గ్రాఫిక్స్ సంగతి చెప్పక్కర్లేదు, తొమ్మిదేళ్ల తేడా చూడగానే తెలిసిపోతుంది. చరిత్ర విషయంలోనూ కొత్తదే నయం. పాతదాంట్లో ఈజిప్ట్ సైన్యం ఫారోల కాలం వేషాలు వేసుకుని రథాల మీద దిగుతుంది. ఆట మొదలయ్యేది క్రీ.పూ. 270లో. అప్పటికి అక్కడ ఏలుతున్నది టాలమీలనే గ్రీకు వంశం, వాళ్లది గ్రీకు పద్ధతి సైన్యం. రోమ్ 2లో ఆ పొడవాటి బల్లేల వరసలు కనిపిస్తాయి. అయినా పాతదాంట్లో ఒంటికి నిప్పంటించి వదిలే పందులుంటాయి చూడండి, వాటిని చూసి ఏనుగులు బెదిరి సొంత సైన్యాన్నే తొక్కుకుంటూ పోతుంటే చరిత్ర పాఠం ఎవరికి గుర్తుంటుంది!

అసలు తేడా మనుషుల దగ్గర ఉంది.

పాత రోమ్‌లో ఏడాదికి రెండు టర్న్‌లు, ఎండాకాలం ఒకటి, చలికాలం ఒకటి. ఇరవై ఏళ్ల కుర్రాడు జనరల్‌గా చేతికొస్తే, అరవై దాకా బతికితే, ఎనభై టర్న్‌లు మనతో ఉంటాడు. రోమ్ 2 ప్రధాన క్యాంపెయిన్‌లో ఏడాదికి ఒకటే టర్న్. అదే కుర్రాడు నలభై టర్న్‌లకే వెళ్లిపోతాడు. పేరు అలవాటయ్యేలోపు ముసలివాడైపోతాడు. చిన్న లెక్కలా కనిపిస్తుంది కానీ ఆట రుచి మొత్తం దీనివల్లే మారిపోయిందని నా అభిప్రాయం.

పైగా పాతదాంట్లో జనరల్‌ని ఊళ్లో ఖాళీగా కూర్చోబెడితే తాగుడు, బద్ధకం లాంటివి అంటుకునేవి. యుద్ధాలకు తిప్పితే రాటుదేలేవాడు. యుద్ధానికి ముందు సైనికుల ముందు నిలబడి ఇచ్చే ఉపన్యాసం కూడా వాడి గుణాన్ని బట్టి మారేది. మతి చెడినవాడైతే ఏం మాట్లాడతాడో మనకే తెలియదు. ఆ మాటలు వినడం కోసమే నేను ఆటో రిజాల్వ్ (యుద్ధ ఫలితాన్ని కంప్యూటరే తేల్చేసే బటన్) నొక్కకుండా చిన్న చిన్న యుద్ధాలు కూడా చేతులారా ఆడిన రోజులున్నాయి.

పాతదాంట్లో ఒక ఆట చెప్తాను. రోమ్ తరఫున మనం ఎంచుకోగల మూడు కుటుంబాల్లో ఒకటైన జూలీతో ఆడుతున్నాను. గాల్ దేశం (ఇప్పటి ఫ్రాన్స్ వైపు) దాదాపు మొత్తం పట్టేశాను. జనంలో నా పలుకుబడి పెరిగేకొద్దీ రోమ్ పెద్దల సభ అయిన సెనేట్‌కి నా మీద కంటగింపు పెరిగింది. ఒక టర్న్‌లో సెనేట్ నుంచి కబురొచ్చింది: మీ కుటుంబ పెద్ద ఆత్మహత్య చేసుకోవాలి. అది ఆటలో ఉండే మలుపేనని తర్వాత తెలిసింది, అప్పుడు మాత్రం నోట మాట రాలేదు. ఆ పెద్ద క్వింటస్‌ని మొదటి టర్న్ నుంచి పెంచుకొచ్చాను, వాణ్ని ఎలా చంపుకుంటాను? కుదరదన్నాను. అంతే, నిన్నటిదాకా మిత్రులుగా ఉన్న బ్రూటీ, స్కిపీ కుటుంబాలు కూడా శత్రువులైపోయాయి. నా తెలివితక్కువతనం ఏమిటంటే, మంచి సైన్యాలన్నీ ఆల్ప్స్ అవతల ఉన్నాయి. రోమ్‌కి దగ్గర్లో ఉన్న నా సొంత ఊరు అరెటియంలో నాలుగు కాపలాదళాలు తప్ప ఏమీ లేవు. పోయింది. తిరిగి తెచ్చుకోవడానికి రెండు రాత్రులు పట్టింది.

రోమ్ 2లోనూ అంతర్యుద్ధం ఉంది. మన రాజ్యంలోని ఏదైనా రాజకీయ పార్టీ విధేయత బాగా పడిపోతే వాళ్లు సైన్యాన్నీ ఊళ్లనీ పట్టుకుని విడిపోతారు. మొదట్లో తీసేసిన వంశవృక్షం కూడా 2018 అప్‌డేట్‌లో తిరిగొచ్చింది. కానీ అక్కడ నేను చూసుకునేది పార్టీల శాతాలు. ఎవరిమీదా కోపం రాదు, జాలీ కలగదు. అక్కడ మన బంధమంతా సైన్యంతోనే. ప్రతి లీజియన్‌కీ (సైన్యానికీ) పేరుంటుంది, గెలిచేకొద్దీ దానికి సంప్రదాయాలు చేరతాయి, జనరల్ పోయినా అవి నిలుస్తాయి. ఇది బాగుంది, పాతదాంట్లో లేదు.

ఊళ్ల నిర్వహణలో మాత్రం నా ఓటు రోమ్ 2కే, ఒక్క విషయం మినహా. రెండు నుంచి నాలుగు ఊళ్లు కలిపి ఒక ప్రావిన్స్, ఏ ఊళ్లో ఏం కట్టాలన్నది నిజంగా ఆలోచించాలి. ఊళ్లన్నీ పైస్థాయికి పెంచేసి ఒకసారి చేతులు కాల్చుకున్నాను. పెద్ద కట్టడాలు తిండి తింటాయి. తిండి నిల్వ సున్నా కిందికి పోయేసరికి సైన్యాలు కూర్చున్నచోటే కరిగిపోవడం మొదలైంది. పాతదాంట్లో ఆట ముదిరాక ముప్పై ఊళ్లకి ముప్పై సార్లు అదే మురుగు, అదే తిరుగుబాటు, విసుగొచ్చేస్తుంది.

ఆ ఒక్క విషయం జనాభా. పాతదాంట్లో దళాన్ని తయారుచేస్తే ఊరి జనాభాలో అంతమంది తగ్గుతారు, దళాన్ని రద్దుచేస్తే ఉన్న ఊళ్లో కలుస్తారు. అందుకని జనం కిక్కిరిసిన నగరంలో రైతు దళాలు వరసగా తయారుచేసి, నడిపించుకెళ్లి ఖాళీ ఊళ్లో రద్దు చేసేవాణ్ని. అక్కడ గొడవ తగ్గేది, ఇక్కడ ఊరు పెరిగేది. రోమ్ 2లో ఇలాంటిది కావాలంటే డివైడ్ ఎట్ ఇంపెరా అనే మోడ్ (ఆడేవాళ్లే తయారుచేసిన మార్పుల ప్యాక్) వేసుకోవాలి. అది జనాభాని మళ్లీ తెచ్చింది, కాకపోతే ఆట బాగా నెమ్మదిస్తుంది. మొదటిసారే అది వేసుకోకండి.

సముద్రం గురించి ఒక హెచ్చరిక. రోమ్ 2లో సైన్యం ఒడ్డు దాటగానే దానంతటదే ఓడలెక్కేస్తుంది. హాయిగా ఉందని ఇరవై యూనిట్లూ వేసుకుని నేరుగా కార్తేజ్ మీదికి బయల్దేరాను. దారిలో అసలైన యుద్ధనౌకలు ఎదురయ్యాయి, నా వాళ్లు ఒక్కరూ ఒడ్డు చేరలేదు. పక్కన నౌకాదళం లేకుండా పంపకండి.

కాబట్టి ఆట సాఫీగా సాగాలి, యుద్ధాలు కళ్లకి నిండుగా ఉండాలి అంటే రోమ్ 2. ఏది ముందు అంటారా, నేనైతే పాతదాంతోనే మొదలుపెట్టమంటాను, రోమ్ 2 అలవాటయ్యాక ఆ పాత మెనూలు భరించడం కష్టం. 2004 నాటి కాపీ కోసం వెతకొద్దు. 2021లో దాని మెరుగుపరిచిన వెర్షన్ రీమాస్టర్డ్ వచ్చింది, ఇప్పటి స్క్రీన్లకి సరిపోతుంది, ఆట మాత్రం అదే. జూలీని ఎంచుకోండి. సెనేట్ మొదట్లోనే పక్కనున్న సెగెస్టాని పట్టమంటుంది, తేలిగ్గా దొరికే ఊరు, వెంటనే పట్టండి. గాల్ వైపు ఎంత దూరం వెళ్లినా అరెటియంలో ఒక గట్టి సైన్యాన్ని ఉంచుకోండి.