52 ఏళ్ల వయసులో ఇద్దరు ఆడపిల్లల్ని తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 52. ప్రభుత్వ స్కూల్లో టీచర్‌ని. మావారు పోయారు. ఒక్కడే కొడుకు, పెళ్లయి బెంగళూరులో ఉంటున్నాడు. ఇల్లు బోసిపోయింది. ఆదివారాలు మా ఊరి బాలసదనంలో పిల్లలకు లెక్కలు చెప్పడానికి వెళ్తుంటాను. అక్కడ తొమ్మిదేళ్ల పిల్ల, ఆరేళ్ల దాని చెల్లెలు ఉన్నారు. తల్లి చనిపోయింది, తండ్రి ఎక్కడున్నాడో తెలీదంటారు. పెద్దది చెల్లెలికి జడ వేశాకే తను వేసుకుంటుంది. చిన్నది ఇచ్చిన అరటిపండు సగం తిని, మిగతా సగం గౌను జేబులో దాచుకుంటుంది. ఇద్దర్నీ దత్తత తీసుకోవాలని ఉంది. మా అబ్బాయేమో ‘ఈ వయసులో నీకెందుకమ్మా ఈ టెన్షన్’ అంటున్నాడు. తోటి టీచర్ ‘తెలిసిన నర్సు ఉంది, డబ్బిస్తే పసిబిడ్డనే తెచ్చిపెడుతుంది’ అంటోంది. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: ముందు ఆ నర్సు సంగతి. దాని జోలికి వెళ్లకండి. డబ్బిచ్చి బిడ్డను తెచ్చుకోవడం బిడ్డను కొనడమే. బాలల న్యాయ చట్టం కింద ఐదేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా. ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి మీ కొలువుకూ ఎసరు. అన్నిటికీ మించి, ఆ బిడ్డ కోసం ఏదో ఒకరోజు పోలీసులు మీ గుమ్మం ముందుకొస్తారు.

ఇక అసలు విషయం. దత్తతకు వయసు పరిమితి ఉంది. 2022 నిబంధనల ప్రకారం ఒంటరి మహిళకు రెండేళ్లలోపు బిడ్డనైతే 40 ఏళ్ల వరకే ఇస్తారు. నాలుగేళ్లలోపైతే 45, ఎనిమిదేళ్లలోపైతే 50, ఆ పైన పిల్లలకు 55. అంటే తొమ్మిదేళ్ల పిల్లకు మీ వయసు సరిపోతుంది, ఆరేళ్ల పిల్లకు సరిపోదు. పెద్దదాన్ని తీసుకుని చిన్నదాన్ని అక్కడే వదిలేయడం మీరూ ఒప్పుకోరు, నేనూ చెప్పను. పైగా దత్తతలో ‘నాకు ఈ పిల్లే కావాలి’ అని కోరుకునే వీలుండదు. దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ‘కారా’ పోర్టల్‌లో నమోదు చేసుకుంటే వరుస ప్రకారం వాళ్లే పిల్లను చూపిస్తారు.

అందుకే ఫోస్టర్ కేర్ గురించి ఆలోచించమంటాను. పిల్ల బాధ్యత చట్టప్రకారం, ఇలాంటి పిల్లల విషయాలు తేల్చే బాలల సంక్షేమ సమితి చేతుల్లోనే ఉంటుంది, పెంపకం మీ ఇంట్లో జరుగుతుంది. ఆరేళ్లు దాటిన పిల్లల్ని ఇలా ఇస్తారు. 2024లో సవరించిన మార్గదర్శకాలతో పెళ్లికానివాళ్లకూ, భర్త లేనివాళ్లకూ అవకాశం వచ్చింది. రెండేళ్లు మీ దగ్గర పెరిగాక, ఆ పిల్లలు దత్తతకు అర్హులని సమితి ప్రకటించి ఉంటే దత్తతకూ అడగొచ్చు. అప్పటికి చిన్నదానికి ఎనిమిది నిండుతాయి, మీకు 54. లెక్క మీకు అనుకూలంగానే ఉంది.

కానీ ఒక మాట మనసులో పెట్టుకోండి. తండ్రి దొరికి, బాగుపడి, పిల్లల్ని అడిగితే సమితి ఆయన వైపే చూడొచ్చు. పెంచి, ఆ రోజు పంపగలరా? ‘చచ్చిపోతాను’ అనిపిస్తే ఇప్పుడే ఆగడం మంచిది. ఏడ్చినా పంపగలననుకుంటే ముందుకు వెళ్లండి.

ఇల్లు బోసిపోయిందని రాశారు. ఆ వెలితి తీర్చే పని ఈ పిల్లల మీద పెట్టొద్దమ్మా. మొదటి ఏడాది వాళ్లు మీకు తోడు కారు, మీరే వాళ్లకు కాపలా. అరటిపండు దాచుకునే పిల్ల మీ ఇంట్లో పరుపు కింద రొట్టెముక్కలు దాస్తుంది. చీమలు పడతాయి. తిట్టకండి. దానికి అందేచోట బిస్కెట్ల డబ్బా పెట్టి, ఎప్పుడూ నిండుగా ఉంచండి. ఎవరూ లాక్కోరని నమ్మకం కుదిరాక దాచడం దానంతటదే తగ్గుతుంది. పెద్దదానితో ఇంకా కష్టం. ఇన్నాళ్లూ చెల్లెలికి అదే అమ్మ. ‘ఇకనుంచి జడ నేను వేస్తాలే’ అని మీరు దువ్వెన అందుకుంటే దాని చేతిలోంచి ఉన్న ఒక్క హక్కూ లాక్కున్నట్టవుతుంది. వేయనివ్వండి. దాని జడ మీరు వేయండి, అది ఒప్పుకున్నప్పుడు. ‘అమ్మా’ అని పిలవమని అడగొద్దు. టీచరమ్మ అన్నా పలకండి.

మీ అబ్బాయి మాటను కొట్టిపారేయకండి. మీరు 61కి రిటైరయ్యేనాటికి పెద్దదానికి 18, చిన్నదానికి 15. బీపీ, షుగర్ ఎలా ఉన్నాయో మీరు రాయలేదు. ఒకసారి పరీక్షలన్నీ చేయించుకోండి, ఆ రిపోర్టు ఎలాగూ అడుగుతారు. దత్తత దాకా వెళితే, మీకేదైనా జరిగితే పిల్లల్ని చూసుకుంటామని దగ్గరి బంధువు హామీ పత్రం రాయాలి. ఆ బంధువు మీ అబ్బాయి కాకపోతే ఇంకెవరు? ‘నేను పోయాక వీళ్లకు నువ్వు ఏమవుతావు?’ అని సూటిగా అడగండి. ఆస్తి మాట కూడా అప్పుడే తేల్చుకోండి. దత్తత జరిగితే ఆ పిల్లలకూ మీ కొడుకుతో సమానంగా వారసత్వ హక్కు వస్తుంది, ఫోస్టర్ కేర్‌లో రాదు. అతను పైకి అనని భయం ఇదే కావచ్చు. కోడల్ని కూడా కూర్చోబెట్టే మాట్లాడండి. రేపు వాళ్లిద్దరే కదా పండక్కి ఈ పిల్లలకు బట్టలు కొనాల్సింది. ఎంత చెప్పినా వద్దంటే, చెల్లెలో, తోడికోడలో, వయసులో మీకంటే చిన్నవాళ్లు ఒకరు నిలబడతారేమో చూడండి. అలాంటి మనిషి ఒక్కరూ లేకపోతే మాత్రం నేను వద్దనే అంటాను.

బాలసదనానికి వెళ్లడం మానొద్దు. కానీ ‘మా ఇంటికి తీసుకెళ్తాను’ అని ఆ పిల్లలతో ఇప్పుడే అనకండి, వాళ్లు వినేలా ఇంకెవరితోనూ అనకండి. ఈలోగా ఖమ్మంలో జిల్లా బాలల పరిరక్షణ అధికారిని కలిసి రెండు విషయాలు అడగండి: ఆ తండ్రి కోసం వెతకడం ఎంతవరకు వచ్చింది, అక్కాచెల్లెళ్లను విడదీయకుండా ఒకే ఇంటికి ఫోస్టర్ కేర్‌కి ఇస్తారా అని.