ఒడెసా పాత చర్చిలు: తుపాకులు కూల్చినవి, తుపాకుల మధ్య తెరుచుకున్నవి

మీ ప్రశ్న ఇది: "నల్ల సముద్రం ఒడ్డున ఉన్న ఒడెసాలో పాత ఆర్థడాక్స్ చర్చిలు ఏవి? యుద్ధాల్లో ఏవి కూలాయి, ఏవి మిగిలాయి? చూసినవాళ్ళు ఎవరైనా చెప్పండి."

నేను 2013 నుంచి 2019 వరకు ఉక్రెయిన్‌లోని ఈ ఒడెసాలో మెడిసిన్ చదివాను. మాది కాకినాడ. చరిత్ర నా సబ్జెక్టు కాదు. కానీ మూడో ఏడాది హాస్టల్ తిండి పడక బయటికొచ్చి, సబోర్నా చౌక్ దగ్గర ఒక ముసలావిడ ఇంట్లో గది తీసుకున్నాను. ఆవిడ నన్ను "దోచ్కా" అనేది, అంటే మన "అమ్మడూ" లాంటిది. నేను మామ్మ అనేదాన్ని. ఆ పిలుపు ఆవిడకి నచ్చింది. ఆ వంటగది కిటికీలోంచి చూస్తే తెల్లటి పెద్ద చర్చి, దాని గంటల గోపురం కనిపించేవి. అదే ప్రెయొబ్రజెన్‌స్కీ కేథడ్రల్. క్రీస్తు రూపాంతరం పొందిన ఘట్టం పేరు మీద కట్టింది. నేను చెప్పేదంతా ఆ కిటికీ దగ్గర మొదలైందే.

చూడగానే రెండొందల ఏళ్ళ కట్టడం అనుకున్నాను, మామ్మతో కూడా అదే అన్నాను. ఆవిడ నవ్వి, "అది నాకంటే చాలా చిన్నది" అంది. నిజమే. ఈ ఊరు 1794లో పుట్టింది. అంతకుముందు ఇక్కడ హాజీబే అనే తుర్కుల కోట ఉండేది. కేథడ్రల్‌కి పునాది ఊరు పుట్టిన ఏడే పడింది, ప్రతిష్ఠ 1809లో జరిగింది. 1936లో సోవియట్ ప్రభుత్వం దాన్ని పడగొట్టింది. అప్పుడు ఊళ్ళో ఏ యుద్ధమూ లేదు. కాబట్టి మీ ప్రశ్నకి మొదటి జవాబు కాస్త అడ్డంగా వస్తుంది: ఒడెసాలో అన్నిటికంటే పెద్ద చర్చి పోయింది శాంతికాలంలో. లోపల సమాధి చేసిన వరంత్సోవ్ దంపతుల అవశేషాల్ని ఊరి చివర స్లబోద్కా శ్మశానానికి తరలించారు. ఈ వరంత్సోవ్ నెపోలియన్‌తో పోరాడిన సేనాని, తర్వాత ఇక్కడ గవర్నర్ జనరల్. చిత్రం ఏమిటంటే చౌక్‌లో ఉన్న ఆయన విగ్రహాన్ని మాత్రం వదిలేశారు. చర్చి మళ్ళీ లేచింది 1999 తర్వాత, చందాలతో, పాత రూపులోనే. 2005లో వరంత్సోవ్ దంపతుల్ని తిరిగి లోపలికి తెచ్చారు.

మామ్మ 1936లోనే పుట్టింది.

లోపలికి మొదటిసారి వెళ్ళినప్పుడు జీన్స్, టీషర్టు, నెత్తిన ఏమీ లేదు. కొవ్వొత్తులు అమ్మే ఆవిడ ఒక్క చూపు చూసి, పక్కన పెట్టెలోంచి ఒక స్కార్ఫు తీసి చేతికిచ్చింది. తర్వాత నుంచి చున్నీ తీసుకెళ్ళేదాన్ని. మన ఊళ్ళో చర్చిల్లా బెంచీలు ఉండవు, గంటా రెండు గంటలు అందరూ నిలబడే ఉంటారు. గోడ నిండా సాధువుల పటాలు. వాటి ముందు సన్నటి మైనపు కొవ్వొత్తులు గుచ్చుతారు, పటాన్ని ముద్దు పెట్టుకుంటారు, సాంబ్రాణి లాంటి పొగ వేస్తారు. నాకు మా ఊరి చర్చికంటే మా వీధి చివర గుడే ఎక్కువ గుర్తొచ్చింది. ఈ మాట మా అమ్మకి ఫోన్లో చెబితే "సరే, దణ్ణం పెట్టుకో, ఎక్కడైనా ఒకటే" అంది.

ఇక యుద్ధాలు. మొదటిది ఒడెసాలో జరిగింది కాదు, కానీ ఒడెసాలోనే రాజుకుంది. 1814లో ముగ్గురు గ్రీకు వర్తకులు ఇక్కడ ఒక రహస్య సంఘం పెట్టారు, గ్రీసుని తుర్కుల నుంచి విడిపించడానికి. 1821లో తిరుగుబాటు లేచింది. దాన్ని బహిరంగంగా ఖండించినా సరే, కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) పేట్రియార్క్, అంటే ఆర్థడాక్స్ మతపెద్ద, ఐదో గ్రెగరీని ఈస్టర్ రోజున ఆయన నివాసం గుమ్మానికే ఉరి తీశారు. శవాన్ని నీళ్ళలో పడేస్తే ఒక గ్రీకు ఓడ కెప్టెన్ చూసి ఒడెసా చేర్చాడు. నేనున్నప్పుడు కత్తెరినిన్‌స్కా అని పిలిచే వీధిలో గ్రీకుల త్రిత్వ చర్చి ఉంది చూశారా, అక్కడ సమాధి చేశారు. 1871లో ఏథెన్స్‌కి తీసుకెళ్ళే దాకా యాభై ఏళ్ళు ఆయన ఇక్కడే ఉన్నాడు. ఊళ్ళో పాతదాన్ని పాతదానిలాగే చూడాలంటే నేను ఈ చర్చే చెబుతాను. చిన్నది, టూరిస్టులు పెద్దగా రారు.

రెండోది క్రిమియా యుద్ధం. 1854 ఏప్రిల్ 22న ఇంగ్లీషు, ఫ్రెంచి ఓడలు అప్పట్లో రష్యా సామ్రాజ్యంలో ఉన్న ఒడెసా మీద గుండ్లు కురిపించాయి. ఆర్థడాక్స్ లెక్కలో అది ఈస్టర్ ముందు శనివారం, జనం చర్చిల్లో ఉండే రోజు. (పైన గ్రెగరీని ఉరి తీసింది కూడా ఏప్రిల్ 22నే. నాకు ఇలాంటి తేదీలు చూస్తే కాస్త ఒళ్ళు జలదరిస్తుంది, మామ్మకి అసలు ఏమీ అనిపించలేదు.) రేవు చివర ష్చోగొలెవ్ అనే కుర్ర అధికారి నాలుగు ఫిరంగులతో గంటల తరబడి నిలబడ్డాడు. సముద్రం వైపు మెట్ల పైన ఊరి పాత గవర్నర్ ద్యూక్ రిషెల్యూ విగ్రహం ఉంటుంది. దాని దిమ్మకి గుండు తగిలిన చోట ఇనుప అతుకు వేశారు. చాలామంది విగ్రహంతో సెల్ఫీ తీసుకుని ఆ అతుకు చూడకుండానే వెళ్ళిపోతారు. మర్నెల పొగమంచులో 'టైగర్' అనే ఇంగ్లీషు యుద్ధనౌక తీరానికి దగ్గరగా ఇరుక్కుపోయి పట్టుబడింది. దాని ఫిరంగి ఇప్పటికీ ఆ బులెవార్డు మీద ఉంది, పిల్లలు ఎక్కి ఆడుకుంటారు.

ఊరు పూర్తిగా కాలిపోకుండా కాపాడింది కాస్పెరివ్‌స్కా మాత అని అక్కడి నమ్మకం. అది మరియమ్మ పటం. మన ఊళ్ళలో జాతరకి అమ్మవారిని ఊరేగించినట్టు దాన్ని ఊరేగించేవాళ్ళు. దాని నెలవు ఉస్పెన్‌స్కీ కేథడ్రల్, ప్రెయొబ్రజెన్‌స్కా వీధిలోనే, ప్రివోజ్ మార్కెట్‌కి వెళ్ళే దారిలో. ఆ యుద్ధం జరుగుతుండగానే, 1855లో, కట్టడం మొదలుపెట్టి 1869లో పూర్తిచేశారు. నేను చేపలకి ప్రివోజ్ వెళ్ళి వస్తూ, సంచిలో చేపలతో లోపలికి వెళ్ళవచ్చా అని ఒకసారి అడిగాను. "రేవు ఊరు కదా, ఆవిడకి ఆ వాసన అలవాటే" అంది గుమ్మం దగ్గర కూర్చున్న ఒకావిడ.

రైల్వే స్టేషన్ ఎదురుగా, చుట్టుపక్కల ఉన్న మూడు మఠాల గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు: పంతెలెయ్‌మోన్, ఇల్యా, ఆంద్రెయ్ పేర్ల మీద ఉంటాయి. అవి మొదట సత్రాలు. కాశీలో మనవాళ్ళకి కరివెన సత్రం ఉన్నట్టు, గ్రీసులో ఆథోస్ కొండ మీద ఉన్న రష్యన్ సన్యాసులు ఒడెసాలో ఇవి కట్టించారు. దూరాల నుంచి రైలు దిగిన యాత్రికులు ఇక్కడ బస చేసి, ఓడెక్కి ఆథోస్‌కో జెరూసలేంకో వెళ్ళేవాళ్ళు. 1914 శరదృతువులో తుర్కులు నల్ల సముద్రం నుంచి బయటికెళ్ళే జలసంధి మూసేశారు, అక్టోబరు 29న వాళ్ళ నౌకలు ఒడెసా రేవులోకే వచ్చి కాల్పులు జరిపాయి. యాత్రలు ఆగిపోయాయి. తర్వాత విప్లవం రావడంతో ఆ ఓడలు మళ్ళీ నడవనే లేదు. అలా ఒక్క గుండు తగలకుండానే ఆ సత్రాలు చేసే పని పోయింది. పంతెలెయ్‌మోన్ చర్చిని తర్వాతి కాలంలో కొన్నాళ్ళు ప్లానిటోరియంగా కూడా వాడారు. దేవుడు లేడని చూపించడానికి గుమ్మటం బాగా పనికొచ్చిందని మామ్మ జోకు.

అన్నిటికంటే నాకు మింగుడుపడనిది రెండో ప్రపంచ యుద్ధం. 1941లో ఒడెసా 73 రోజులు ముట్టడిలో ఉంది. అక్టోబరు 16న రొమేనియా సైన్యం లోపలికొచ్చింది, 1944 ఏప్రిల్ 10న సోవియట్ సైన్యం తిరిగి వచ్చే దాకా ఊరు ఆక్రమణలోనే ఉంది. రొమేనియా వాళ్ళూ ఆర్థడాక్స్ క్రైస్తవులే. సోవియట్ వాళ్ళు మూసిన చర్చిల్ని వీళ్ళు తెరిచారు, తమ దేశం నుంచి పూజారుల్ని తెచ్చారు, గంటలు మళ్ళీ మోగాయి. మామ్మకి బాప్తిస్మం జరిగింది అప్పుడే, ఆరేళ్ళ వయసులో. వీధిలో పిల్లలందరినీ వరసగా నిలబెట్టి చేయించారట. నీళ్ళు చల్లగా ఉన్నాయని ఏడ్చానని చెప్పింది.

ఆ చల్లటి నీళ్ళ కథకి నవ్వాను. అప్పుడావిడ పక్క ఫ్లాట్ తలుపు చూపించింది. అక్కడ ఒక యూదుల కుటుంబం ఉండేదట, ఇద్దరు ఆడపిల్లలు. 1941 అక్టోబరు 22న రొమేనియా సైన్యం కార్యాలయంలో బాంబు పేలింది. దానికి పగ అంటూ కొద్దిరోజుల్లోనే ఊళ్ళో 20,000కు పైగా యూదుల్ని చంపారు. చాలామందిని ల్యూస్ట్‌డార్ఫ్ రోడ్డు పక్కన గోడౌన్లలో పెట్టి తగలబెట్టారు. ఆ పిల్లలు తిరిగి రాలేదు. మామ్మ దీనికి పైన ఏ వ్యాఖ్యా చేయలేదు. ప్రతి ఈస్టర్‌కి పాస్కా రొట్టె, రంగు గుడ్లు బుట్టలో పెట్టుకుని చర్చికి వెళ్ళేటప్పుడు ఆ తలుపు ముందు ఒక గుడ్డు పెట్టేది. ఇప్పుడు ఆ ఇంట్లో ఉండే కుర్రాడికి అది ఎందుకో తెలీదు. తీసుకుని తినేసేవాడు.

అందుకే "యుద్ధాల్లో ఏ చర్చి కూలింది" అని పట్టిక రాయమంటే నాకు చేతకాదు. ఒక చర్చి తెరుచుకున్న ఏడాదీ, పక్కింటి తలుపు మూసుకున్న ఏడాదీ ఒకటే అయినప్పుడు దాన్ని ఏ గడిలో వేయాలి?

ఇక ఇప్పటి యుద్ధం. నేను 2019లోనే వచ్చేశాను. 2022లో నా జూనియర్లు బస్సుల్లో మల్దోవా సరిహద్దు దాటి, అక్కడి నుంచి బుకారెస్ట్ వెళ్ళి విమానం ఎక్కారు. అది వాళ్ళు చెప్పాల్సిన కథ. 2023 జనవరిలో ఒడెసా పాత నగరాన్ని యునెస్కో ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. ఆ జులైలో, ఉక్రెయిన్ ధాన్యం ఓడల్ని వెళ్ళనిచ్చే నల్ల సముద్రం ఒప్పందం నుంచి రష్యా తప్పుకుంది, వెంటనే ఒడెసా మీద వరసగా దాడులు మొదలయ్యాయి. జులై 23 తెల్లవారుజామున ఒక క్షిపణి ప్రెయొబ్రజెన్‌స్కీ కేథడ్రల్‌ని తాకింది. పైకప్పు చిల్లుపడింది, లోపల చాలా భాగం ధ్వంసమైంది. అక్కడ కూడా ఉన్న కాస్పెరివ్‌స్కా మాత పటం ఒకదాన్ని శిథిలాల కింద నుంచి తీశారు. తెల్లారేసరికి జనం చీపుర్లు, పారలు పట్టుకుని చేరారు. 2010లో ఈ చర్చిని ప్రతిష్ఠించింది మాస్కో పేట్రియార్క్ కిరిల్. ఇప్పుడు ఈ యుద్ధాన్ని సమర్థిస్తున్నదీ ఆయనే.

నేను కాకినాడలో డ్యూటీలో ఉండి ఫోన్లో ఆ ఫొటోలు చూశాను. కొవ్వొత్తులు అమ్మే బల్ల ఉండే చోట ఇటుకల కుప్ప. టెన్షన్‌తో చేతులు వణికి, మామ్మకి వైబర్‌లో నాలుగు మెసేజ్‌లు పెట్టాను. సాయంత్రానికి జవాబు వచ్చింది. కిటికీ అద్దాలు పోయాయట, తనకేమీ కాలేదట. "మొదటిసారి కూల్చినప్పుడు ఉయ్యాల్లో ఉన్నాను, ఈసారి వంటగదిలో" అని రాసింది. కింద ఇంకో ప్రశ్న. మా కాకినాడ రేవు పక్కన నూనె రిఫైనరీలు ఉన్నాయనీ, ఉక్రెయిన్ పొద్దుతిరుగుడు నూనె మా దేశానికి వస్తుందనీ ఎప్పుడో చెప్పాను, అది గుర్తుపెట్టుకుంది.

"మా నూనె మీ ఊళ్ళో లీటరు ఎంతకి అమ్ముతున్నారు?"

చెప్పాను. చాలా ఎక్కువ, మోసపోతున్నారు అంది.