వీసా అక్కర్లేదన్న ఊరికి బయల్దేరే ముందు

చి. సౌ. స్వాతికి మావయ్య ఆశీస్సులు.

అమ్మానాన్నల్నీ, బుజ్జిగాణ్ణీ తీసుకుని ఆరు రోజులు కౌలాలంపూర్ వెళ్తున్నావని అక్కయ్య ఫోన్‌లో చెప్పింది. "వీసా కూడా అక్కర్లేదటరా, టికెట్లు కొనుక్కుని ఎక్కేయడమే" అంది. ఆ "ఎక్కేయడమే" అన్న మాట దగ్గరే నాకు బెంగ పట్టుకుంది.

మలేషియా మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి 2023 డిసెంబర్ 1 నుంచి 30 రోజుల వరకు వీసా అవసరం లేకుండా చేసిన మాట నిజమే. ఆ వెసులుబాటును 2026 డిసెంబర్ 31 దాకా పొడిగించారు. అయితే వీసా కావాల్సిన దేశానికైతే ఎంబసీ వాళ్లు ముందే కాగితాలు చూస్తారు, లోపముంటే ఇంట్లో ఉండగానే తెలుస్తుంది. వీసా లేనిచోట ఆ తనిఖీ మానేయరు. శంషాబాద్‌లో ఎయిర్‌లైన్ కౌంటర్ దగ్గర ఒకసారి, అక్కడ దిగాక ఇమిగ్రేషన్ దగ్గర ఇంకోసారి చేస్తారు. అర్ధరాత్రి విమానానికి లైన్లో నిలబడ్డాక లోపం బయటపడితే దిద్దుకోవడానికి వేళుండదు. లోపలికి రానివ్వని ప్రయాణికుణ్ణి వెనక్కి తీసుకురావాల్సిన బాధ్యత ఎయిర్‌లైన్‌దే, పైగా జరిమానా కూడా పడొచ్చు. అందుకే కౌంటర్లో వాళ్లు అంత పట్టుగా ఉంటారు. వాళ్ల మీద విసుక్కోవద్దని బావగారికి ముందే చెప్పు.

మొదట నాలుగు పాస్‌పోర్టులూ ఒకచోట పెట్టుకుని గడువు తేదీలు చూడు. మలేషియాలో దిగే రోజు నుంచి కనీసం ఆరు నెలలు గడువు మిగిలి ఉండాలి. పెద్దవాళ్ల పాస్‌పోర్టు పదేళ్లుంటుంది, పిల్లలది ఐదేళ్లే. అందుకే ఇంట్లో అందరికంటే ముందు చిన్నవాడిదే అయిపోతుంది, ఎవరూ చూడనిదీ అదే. బుజ్జిగాడికి పుట్టిన ఏడాదే తీసుకున్నారు కదా, ముందు దాని తేదీ చూడు. రీ-ఇష్యూకి పిల్లలకైతే 1,000 రూపాయలు, పెద్దవాళ్లకి 36 పేజీల బుక్కుకి 1,500. తత్కాల్‌లో పెడితే ఇంకో 2,000 అదనం. పిల్లల దరఖాస్తుతో తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన అనెక్సర్ డి అనే సమ్మతి పత్రం ఇవ్వాలి, కాబట్టి అల్లుడుగారు ఊళ్లో ఉన్నప్పుడే ఆ పని పెట్టుకో. టికెట్లు కొన్నాక పాస్‌పోర్టు మారితే నంబరూ మారుతుంది, బుకింగ్‌లో కొత్త నంబరు వేయించడం మర్చిపోవద్దు. పేజీ చిరిగినా, ఫొటో పేజీ మీది లామినేషన్ లేచినా, నీళ్లు తగిలి ముద్రలు అలుక్కుపోయినా గడువుతో పనిలేదు, అది పాడైన పాస్‌పోర్టే. దాన్ని పట్టుకుని బయల్దేరొద్దు.

ఇక పేర్లు. మనవాళ్ల తిప్పలు ఎక్కువగా ఇక్కడే. పాస్‌పోర్టులో ఇంటిపేరుకి ఒక గడి, సొంత పేరుకి ఒక గడి ఉంటాయి. మన పెద్దవాళ్ల పాస్‌పోర్టుల్లో చాలావాటిలో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు రెండో గడిలోనే ఉంటుంది. టికెట్ సైట్లు ఖాళీ గడిని ఒప్పుకోవు. అప్పుడు జనం ఆధార్ కార్డు చూసి ఇంటిపేరు వేసేస్తారు. టికెట్ మీదో పేరు, పాస్‌పోర్టులో ఇంకో పేరు అవుతుంది. ఇలాంటి పేర్లకి ఒక్కో ఎయిర్‌లైన్‌కి ఒక్కో పద్ధతి ఉంది. కొందరు అదే పేరును రెండు గడుల్లోనూ వేయమంటారు, కొందరు ఇంటిపేరు గడిలో ఏం వేయాలో వాళ్లే చెబుతారు. డబ్బు కట్టకముందే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి అడుగు. కట్టాక పేరు దిద్దించడానికి ఖర్చవుతుంది, కొన్ని టికెట్ల మీద అసలు కుదరదు.

బావగారి పాస్‌పోర్టులో "ఎమిగ్రేషన్ చెక్ రిక్వయిర్డ్" అని ఉంటే కంగారు పడొద్దు. అలాంటి పాస్‌పోర్టువాళ్లు కొన్ని దేశాలకి వెళ్లాలంటే ముందు మన ప్రభుత్వం అనుమతి తీసుకోవాలి. ఆ 18 దేశాల జాబితాలో మలేషియా, థాయ్‌లాండ్ రెండూ ఉన్నా, ఆ అనుమతి ఉద్యోగానికి వెళ్లేవాళ్లకే. చూసొచ్చేవాళ్లకి అక్కర్లేదు. అయితే అలాంటి పాస్‌పోర్టు చూస్తే మన ఇమిగ్రేషన్ వాళ్లు రెండు ప్రశ్నలు ఎక్కువ వేస్తారు. రిటర్న్ టికెట్, హోటల్ కాగితం ఆయన చేతిలోనే ఉంచు.

ఇప్పుడు అసలైనది, మలేషియా డిజిటల్ అరైవల్ కార్డు, అంటే మన వివరాలతో ముందే ఆన్‌లైన్‌లో నింపాల్సిన ఫారం. వీసా లేకపోయినా ఇది తప్పనిసరి. అక్కడ దిగే తేదీకి మూడు రోజుల లోపే నింపాలి, నెల ముందు కూర్చుని నింపేద్దామంటే కుదరదు. దీనికి పైసా ఫీజు లేదు. వెతుకుతుంటే ముందుగా కనిపించే సైట్లలో కొన్ని డబ్బులడుగుతాయి, అవి ప్రభుత్వానివి కావు. మలేషియా ఇమిగ్రేషన్ శాఖ సైటు చిరునామా "డాట్ జీఓవీ డాట్ ఎంవై" అని ముగుస్తుంది, అది చూసుకునే వివరాలివ్వు.

నలుగురికీ నాలుగు కార్డులు, బుజ్జిగాడికి కూడా. పేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే వేయి. ఎక్కువమంది పొరబడేది తేదీ దగ్గర. మన దగ్గర రాత్రి పొద్దుపోయాక ఎక్కితే అక్కడ దిగేది మర్నాడు పొద్దున, వాళ్ల గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. బయల్దేరిన తేదీని చేరే తేదీగా వేసేస్తారు. టికెట్ మీద "అరైవల్" పక్కనున్న తేదీనే వేయి. హోటల్ చిరునామాకి వాళ్ల పోస్ట్‌కోడ్ అడుగుతారు, అది ఐదు అంకెలు. మన ఆరంకెల పిన్ అక్కడ వేయకూడదు. హోటల్ బటు కేవ్స్ వైపు తీసుకుంటే అది సెలాంగొర్ రాష్ట్రం కిందికొస్తుంది, కౌలాలంపూర్ కాదు. సున్నాకీ ఇంగ్లిష్ "ఓ"కీ తేడా చూసుకుంటూ పాస్‌పోర్టు నంబరు ఇంకొకరిచేత చదివించుకో. నింపాక ఈమెయిల్ వస్తుంది, నలుగురివీ ప్రింటు తీసిపెట్టు. ఫోన్లో ఉందిలే అనుకుంటే ఛార్జింగ్ అయిపోయేది సరిగ్గా ఆ లైన్లోనే. తప్పు పడిందని తర్వాత కనిపిస్తే, సరైన వివరాలతో ఇంకోటి నింపి ఆ కొత్తదే చూపించు.

కార్డు ఉందంటే లోపలికి అనుమతి దొరికినట్టు కాదు. ఆ నిర్ణయం అక్కడి అధికారిది. కన్ఫర్మ్ అయిన రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్, ఖర్చుకి సరిపడా డబ్బుందని చూపించే ఫారెక్స్ కార్డో బ్యాంకు స్టేట్‌మెంటో దగ్గరుంచుకో. ఎవరో నాలుగొందలకి "డమ్మీ టికెట్" ఇస్తామంటే తీసుకోవద్దు, కౌంటర్లో నంబరు కొట్టగానే తెలిసిపోతుంది. ఒకవేళ అక్కడి మన తెలుగువాళ్లింట్లో దిగితే వాళ్ల పూర్తి చిరునామా, ఫోన్ నంబరు, వాళ్లు రాసిచ్చిన చిన్న ఉత్తరం కావాలి. అల్లుడుగారు రావట్లేదు కాబట్టి, పిల్లవాణ్ణి నీతో పంపడానికి తనకు సమ్మతమేనని ఆయన సంతకం చేసిన కాగితం, ఆయన పాస్‌పోర్టు కాపీ, పిల్లవాడి జనన ధ్రువపత్రం పెట్టుకో. అడగకపోవచ్చు, అడిగితే మాత్రం ఇంకో దారి లేదు.

అక్కడ లైన్లో నలుగురూ కలిసి వెళ్లండి. వేలిముద్రలు తీసుకుంటారు, వేళ్లు ఆరిపోయి ఉంటే పడవు. అక్కయ్యని ముందే చేతులు కడుక్కుని కాస్త క్రీము రాసుకోమను. ఎన్ని రోజులు, ఎక్కడ దిగుతున్నారు, ఎందుకొచ్చారు అని అడుగుతారు. అడిగినదానికి మాత్రమే జవాబివ్వండి. ముద్ర వేశాక అక్కణ్ణుంచి కదలకముందే తేదీ చూసుకో.

ఇంకో సంగతి. కౌలాలంపూర్ దాకా వెళ్లాం కదా, బస్సెక్కి సింగపూర్ చూసొద్దాం అని బావగారు అనొచ్చు. సింగపూర్‌కి మనకు వీసా కావాలి. అక్కడ సరిహద్దులో అప్పటికప్పుడు ఇవ్వరు. విమానం సింగపూర్‌లో మారేలా ఉంటే, మొత్తం ఒకే టికెట్ మీద ఉండి సామాను నేరుగా కౌలాలంపూర్‌కి పోయేలా చూసుకో. రెండు వేర్వేరు టికెట్లు కొంటే అక్కడ బయటికొచ్చి సామాను తీసుకోవాలి, బయటికి రావాలంటే వీసా అడుగుతారు. థాయ్‌లాండ్ అనుకుంటే అక్కడా ఇలాంటి డిజిటల్ కార్డే ఉంది, 2025 మే 1 నుంచి. అదీ ఉచితమే, చేరే ముందు మూడు రోజుల్లోనే. మళ్లీ మలేషియాలోకి వస్తే అరైవల్ కార్డు కొత్తది నింపాలి, పాతది పనికిరాదు.

మీ మరిది ఉద్యోగం వెతుక్కుంటున్నాడు కదా, అతనితో ఒక్క మాట గట్టిగా చెప్పు. "వీసా లేకుండా బ్యాంకాక్ రా, డేటా ఎంట్రీ ఉద్యోగం, అక్కడే పర్మిట్ ఇప్పిస్తాం" అని ఎవరు పిలిచినా వెళ్లొద్దు. వీసా మినహాయింపు మీద పని చేయడం చట్టవిరుద్ధం. అలా నమ్మి వెళ్లిన మన ఆంధ్ర, తెలంగాణ కుర్రాళ్లని థాయ్ సరిహద్దు దాటించి మయన్మార్‌లోని మియావాడీ వైపు సైబర్ మోసాల శిబిరాల్లో పెట్టారు. మొదట లాక్కునేది పాస్‌పోర్టునే. నిజమైన ఉద్యోగమైతే వర్క్ వీసా ఇక్కడే చేతికొస్తుంది, ఏజెంటు రిజిస్టర్ అయ్యాడో లేదో మన విదేశాంగ శాఖ వాళ్ల ఈ-మైగ్రేట్ సైట్లో కనిపిస్తుంది.

నాలుగు పాస్‌పోర్టుల మొదటి, చివరి పేజీలూ ఫొటో తీసి, నువ్వు కొనబోయే టికెట్ వివరాలతో పాటు ఈ రాత్రే నాకు పంపు. పేర్లూ తేదీలూ పోల్చి చూసి రేపు పొద్దున్నే ఫోన్ చేస్తాను. అప్పటిదాకా డబ్బు కట్టకు.

మీ మావయ్య