మళ్ళీ వచ్చింది 1980ల పాట ఒక్కటే, బట్టలు ఇంకా రాలేదు

"1980ల పాప్ పాటలు, ఆ కాలపు ఫ్యాషన్లు మళ్ళీ ఊపందుకున్నాయి. అప్పట్లో కుర్రతనంలో ఉన్నవాళ్ళకి ఇది చూస్తే ఏమనిపిస్తోంది?" అని అడిగారు.

మాది విజయనగరం. నా హైస్కూలు, కాలేజీ చదువులు ఆ పదేళ్ళలోనే అయ్యాయి. పాటలు తిరిగొస్తున్నందుకు నాకు నిజంగా సంతోషం. బట్టల సంగతి మాత్రం ఒప్పుకోను. షాపుల్లో బ్యాగీ ప్యాంట్లు, బుట్ట చేతుల జాకెట్లు, భుజాల్లో ప్యాడ్లు పెట్టిన కోట్లు వేలాడదీసినంత మాత్రాన ఎనభైలు వచ్చేసినట్టేనా? మా ఊరికి ఆ ఫ్యాషన్ని మోసుకొచ్చింది టైలర్లు. వాళ్ళను పక్కన పెట్టేసి ఆ కాలం మళ్ళీ వచ్చిందంటే నేను నమ్మను.

మా పెదనాన్నగారి అబ్బాయి ఒక ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయించేవాడు. 1985లో చిరంజీవి గారి 'దొంగ' వచ్చింది. అందులో మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' వీడియో పద్ధతిలో తీసిన పాట ఒకటి ఉంది, సంగీతం చక్రవర్తి గారిది. ఆ పాట చూసొచ్చిన దగ్గర్నుంచి అన్నయ్యకి ఒకటే పిచ్చి. గంట స్తంభం దగ్గర మైకేల్ జాక్సన్ పోస్టర్ కొన్నాడు. అందులో ఉన్న ఎర్ర జాకెట్ దసరా లోపల తనకి కావాలి. మా ఊరి పైడితల్లి అమ్మవారి పండగకి, సిరిమాను ముందు రోజు తొలేళ్ళ రాత్రి వాళ్ళ ప్రోగ్రాం ఉంది మరి.

మూడు లాంతర్ల కూడలి దగ్గర మా ఇంటిల్లిపాదికీ కుట్టే టైలర్ ఉండేవాడు. మేమంతా బాబాయ్ అనే పిలిచేవాళ్ళం. అన్నయ్య వెనకాల నేనూ వెళ్ళాను. బాబాయ్ పోస్టర్ గోడకి ఆనించి చాలాసేపు చూశాడు.

"ఏట్రా ఇది, తోలు కోటా? నా మిషను మీద తోలు నడవదు."

"తోలు ఎవడు కొనగలడు బాబాయ్? రెక్సిన్ తెస్తాను."

"రెక్సినైతే సూద్దాం గానీ, ఎనక ఎలగుంటాదిరా దీనికి?"

దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. పోస్టర్లో ముందు భాగమే ఉంది. ఆ వారంలోనే మా వీధిలో ఒకళ్ళు వీసీఆర్ అద్దెకి తెచ్చారు. అన్నయ్య ఎలాగో ఆ వీడియో క్యాసెట్ సంపాదించాడు. బాబాయ్ మెడలో టేపు వేసుకుని, దుకాణం నుంచి నేరుగా వచ్చి టీవీకి అడుగు దూరంలో కూర్చున్నాడు. మైకేల్ జాక్సన్ అటు తిరిగినప్పుడల్లా "ఆపండి, ఆపండి" అనేవాడు. ఆపితే తెర నిండా గీతలు, బొమ్మ వణికేది. మళ్ళీ వెనక్కి తిప్పేవాళ్ళు. పాట చూద్దామని వచ్చిన పిల్లలంతా విసుక్కుంటున్నా ఆయన లెక్కచేయలేదు. సిగరెట్ పెట్టె అట్ట చింపి దాని మీద పెన్సిల్‌తో గీసుకున్నాడు. చివరికి, "కిటుకంతా బుజాల్లో ఉందిరా, అవి లేచి నిలబడాల" అన్నాడు. ఎక్కడో అమెరికాలో ఒక డిజైనర్ ఆలోచించి పెట్టిన సంగతిని మా ఊళ్ళో కూర్చుని, వణికే బొమ్మలోంచి పట్టుకున్నాడు ఆ మనిషి.

ఎర్ర రెక్సిన్ స్కూటర్ సీటు కవర్లు కుట్టే షాపులో దొరికింది. నల్ల చారలకి నల్ల రెక్సిన్. మిషను పాదం కింద అది అతుక్కుపోతుంటే పౌడరు రాసి నడిపించాడు. సూదులు విరిగాయి. కాలర్లు బిరుసుగా నిలవడానికి లోపల వేసే బకరం గుడ్డ భుజాల్లో పెట్టి వాటిని నిలబెట్టాడు. ట్రయల్ కోసం అన్నయ్య దుకాణంలో ఆ జాకెట్ తొడుక్కుని నిలబడితే రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి మరీ చూశారు.

తొలేళ్ళ రాత్రి అన్నయ్య అది వేసుకునే డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. ఒకటే ఉక్క, గాలి లేదు. ఒంటి మీద రెక్సిన్. అయినా తెల్లవారే దాకా విప్పలేదు. కీబోర్డు వాయించే అబ్బాయి మా సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్నవాడు. విదేశీ పాటల్లో బిట్లన్నీ, అంటే గొంతు ఆగినచోట వచ్చే వాయిద్యాల ముక్కలన్నీ, విని స్వరాలు రాసుకునేవాడు. 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా ఉండి, ఘంటసాల గారు చదువుకున్న కళాశాల అది. అక్కడ నేర్చుకున్న చెవితోనే ఈ కుర్రాడు పాకిస్తానీ పాప్ గాయని నాజియా హసన్ పాటని పట్టుకుంటుంటే ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్ళు తల ఊపారు. సంగీతం తెలిసిన ఊరు పాప్‌ని తక్కువగా చూస్తుందని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

పండగ వెళ్ళాక నెల్లిమర్ల నుంచి, గజపతినగరం నుంచి కుర్రాళ్ళు బాబాయ్‌ని వెతుక్కుంటూ వచ్చారు. రెక్సిన్ ఎవరికీ అక్కర్లేదు, ఆ భుజాలు కావాలి. చొక్కాలకి పెట్టాడు. నా లంగా ఓణీ మీదకి కుట్టిన జాకెట్టు బుట్ట చేతుల్లోనూ అదే బకరం వేశాడు. ఎన్ని ఉతుకులు పడ్డా ఆ బుట్టలు కుంగలేదు.

థ్రిల్లర్ జాకెట్లలో ఒకటి 2011లో వేలంలో 18 లక్షల డాలర్లకి పోయిందని చదివినప్పుడు నాకు బాబాయే గుర్తొచ్చాడు. ఆయన తీసుకున్నది కుట్టుకూలి మాత్రమే.

ఇక పాటల సంగతి. అవి ఎందుకు తిరిగొచ్చాయంటే ఆ శబ్దం మళ్ళీ దొరుకుతోంది కాబట్టి. 1980లో రోలాండ్ 808 డ్రమ్ మెషీన్, 1983లో యమహా డీఎక్స్7 అనే ఎలక్ట్రానిక్ కీబోర్డు వచ్చాయి. పాప్ పాట రంగంతా వాటితోనే మారింది. ఇప్పుడు ఆ శబ్దాలన్నీ ప్రతి కుర్రాడి లాప్‌టాప్‌లోనూ ఉన్నాయి. 2019లో ద వీకెండ్ పాడిన 'బ్లైండింగ్ లైట్స్' మా అమ్మాయి పెడితే, ఇది నేను కాలేజీలో విన్న పాటే అనుకున్నాను. కేట్ బుష్ 1985లో పాడిన పాట ఒక వెబ్ సిరీస్ పుణ్యాన 2022లో ఇంగ్లండులో మొదటి స్థానానికి వెళ్ళింది. మన దగ్గర మాత్రం ఆ శబ్దం పోయి తిరిగొచ్చిందేమీ కాదు. 1986లోనే ఇళయరాజా గారు కంప్యూటర్‌తో సంగీతం కూర్చిన తమిళ సినిమా 'డాన్స్ మాస్టర్' పేరుతో తెలుగులోకి వచ్చింది. ఆ పాటలు మా ఇంట్లో ఎప్పుడూ ఆగలేదు.

నా బాధంతా ఇప్పుడు వాటిని వాడుతున్న తీరు మీద. నాజియా హసన్ 'డిస్కో దీవానే' 1981 నాటిది. 2012లో ఒక హిందీ సినిమా కోసం దాన్ని మళ్ళీ చేశారు. దడదడలు ఎక్కువయ్యాయి, ఆ పిల్ల గొంతులో ఉన్న తీరుబడి పోయింది. రీల్స్ అయితే మరీ దారుణం. పల్లవి ముక్క తప్ప ఏమీ వినపడదు, బిట్లన్నీ కోసేస్తారు. అసలు ఎనభైల పాటలో సగం ప్రాణం బిట్లలోనే ఉంది.

మా అమ్మాయి కాలేజీలో రెట్రో డే అని చేశారు. ఒకరు గంట ప్యాంటు, ఒకరు చుక్కల చీర, ఒకరు ముడి మీద ముడి. గంట ప్యాంటు డెబ్భైలది, చుక్కల చీర అంతకన్నా ముందుది. ఎనభైల ప్యాంటంటే నడుం దగ్గర కుచ్చులు, తొడల దగ్గర వదులు, కింద బిగువు. ఇది ఒక్కళ్ళు కూడా వేసుకోలేదు. ఎవరైనా అమ్మనో మేనత్తనో ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవారు కదా!

ఇప్పుడు దొరికే బ్యాగీలన్నీ ఎస్, ఎమ్, ఎల్ సైజుల్లో వస్తాయి. పొట్టివాళ్ళకీ పొడుగువాళ్ళకీ ఒకటే కత్తిరింపు. నడుం జారితే బెల్టు పెట్టుకోమంటారు. మా వీధిలో మిగిలిన టైలర్ల దగ్గరకి జనం ప్యాంటు అంచులు మడత పెట్టించుకోవడానికి, జిప్పు మార్పించుకోవడానికి మాత్రమే వెళ్తున్నారు. కోటు కత్తిరించగల చేతులకి ఆ పని ఇస్తున్నాం.

కాబట్టి మీకు నిజంగా ఎనభైల ఫ్యాషన్ కావాలంటే రెడీమేడ్ కొనకండి. పాత ఫోటో ఒకటి ఫోన్లో చూపించి, జుట్టు నెరిసిన టైలర్ చేత కుట్టించుకోండి. ఒక్క మార్పు మాత్రం చేయండి. అప్పటి పాలియెస్టర్, టెరికాట్ మన ఉక్కకి పనికిరావు. శ్రీకాకుళం వైపు పొందూరు ఉంది. వాలుగ చేప దవడతో దూది ఏకి, చేత్తో వడికి నేసే ఖద్దరు అక్కడిది. కుచ్చుల ప్యాంటుకైనా, బుట్ట చేతులకైనా ఆ గుడ్డ బాగా నిలుస్తుంది. కుట్టించే ముందు ఒకసారి తడిపి ఆరబెట్టమని టైలర్‌కి చెప్పండి, తర్వాత కుంచించుకుపోకుండా ఉంటుంది. బుట్ట చేతులకి బకరం అడగడం మర్చిపోకండి.