పాత డైరీ డిలీట్ చేయకండి

ఉద్యోగం మానేశాక ఫోన్‌లోని పాత డైరీ చదివితే ఎవరో పరాయి మనిషి రాసినట్టుందని, అంతా డిలీట్ చేసేయాలనిపిస్తోందని మీరు నాకు రాశారు. దయచేసి ఆగండి. ఫోల్డర్‌కి పాస్‌వర్డ్ పెట్టి పక్కన ఉంచండి, చాలు.

మానసిక శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు తమ బాధ గురించి రాశారు. జరిగిన సంగతినీ, అప్పుడు కలిగిన భావాన్నీ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో మిగతావాళ్లకంటే తక్కువసార్లు డాక్టర్ దగ్గరికి వెళ్లారు. మీరూ 4 రోజులు ప్రయత్నించండి. రాయబుద్ధి కాకపోతే వాయిస్ రికార్డర్‌లో మాట్లాడండి. విడాకుల తర్వాత నేను అదే చేశాను. "మేము" అనబోయి "నేను" అన్నచోట నా గొంతు ఆగిపోవడం, తిరిగి వింటేగానీ తెలియలేదు.

విన్నాక నిద్ర పట్టకపోతే మాత్రం ఆపేసి, కౌన్సెలర్‌తో మాట్లాడండి.