షిప్పు డెమరేజ్‌లో పడిందంటే బియ్యం పాడైపోయాయనా?

ప్రశ్న: మా బావగారు కాకినాడలో బియ్యం ఎగుమతి ఆఫీసులో చేస్తారండి. మొన్న ఫోన్ చేసి "షిప్పు డెమరేజ్‌లో పడింది, పండక్కి రాలేను" అన్నారు. మా నాన్నగారు దాన్ని డ్యామేజ్ అనుకుని బియ్యం తడిసిపోయాయని వీధంతా చెప్పేశారు. అసలు డెమరేజ్ అంటే ఏంటండీ?
– ఒక పాఠకురాలు, మండపేట

జవాబు: మీ నాన్నగారిని ఏమీ అనకండమ్మా, షిప్పులోకెక్కే బస్తాలు లెక్కరాసే టాలీ క్లర్కుగా చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. డ్యామేజ్‌కీ దీనికీ చుట్టరికం లేదు. ఆగిపోవడం, ఉండిపోవడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. సరుకు ఎక్కించడానికో దించడానికో ఒప్పుకున్న టైము దాటిపోయి షిప్పుని ఇంకా ఆపేస్తే, దాన్ని అద్దెకి తీసుకున్నవాళ్లు ఓనరుకి రోజుకింత అని కట్టాల్సిన డబ్బే డెమరేజ్. ఆ రేటు ముందే ఒప్పందంలో రాసుకుంటారు.

ఆ ఒప్పుకున్న టైముని లేటైమ్ అంటారు, మన లేటుకీ దీనికీ ఏ సంబంధం లేదండోయ్. 24,000 టన్నుల బియ్యం, రోజుకి 2,000 టన్నులు ఎక్కిస్తామని రాసుకున్నారనుకోండి, లేటైమ్ 12 రోజులు. యాభై కేజీల బస్తాల్లో అయితే 4,80,000 బస్తాలు. మన యాంకరేజ్‌లో షిప్పు ఒడ్డుకి రాదు కదా, హోప్ ఐలాండ్ చాటున సముద్రంలోనే లంగరేసుకుని ఉంటుంది, బస్తాలన్నీ బార్జీల మీద వెళ్లి క్రేనుకి తగిలించే తాళ్ల ఉచ్చుల్లో, అదే స్లింగుల్లో, పైకెక్కాలి. పని 15 రోజులు పట్టిందా, 3 రోజుల డెమరేజ్. రోజుకి 10,000 డాలర్లని రాసుకుంటే 30,000 డాలర్లు పోయినట్టే. 10 రోజుల్లో ముగించేస్తే ఓనరే ఎదురు డబ్బిస్తాడు, దాన్ని డెస్పాచ్ అంటారు, మామూలుగా సగం రేటు.

అసలు తగాదా అంతా ఏ రోజు లెక్కలోకి వస్తుంది ఏ రోజు రాదు అన్న దగ్గరే. కెప్టెన్ మేం రెడీ అని నోటీసిస్తాడు, అప్పట్నుంచి గడియారం చూసుకోవాలి. షిప్పు అద్దె ఒప్పందాలకి వాడే 1994 గెన్‌కాన్ అనే నమూనా ఫారం ప్రకారం మధ్యాహ్నం 12 లోపు నోటీసందితే అదే రోజు ఒంటిగంట నుంచి లెక్క, 12 దాటాక అందితే మర్నాటి పని రోజు ఉదయం 6 నుంచి. ఆదివారాలు, సెలవులు కలిపి లెక్కేస్తే షింక్, తీసేస్తే షెక్స్. షింక్ అని సంతకం పెట్టేసి సంక్రాంతి మూడ్రోజులు ముఠా కూలీలు కోడిపందేలకి వెళ్లిపోతే గడియారం మాత్రం ఆగదు, మీ బావగారి తిప్పలు బహుశా ఇవే.

వానదీ అంతే. నాలుగు చినుకులు పడితే చాలు హ్యాచ్‌లు, అంటే షిప్పులో సరుకు గదుల మూతలు, మూసేస్తారు, బియ్యం కదా, టాలీ పుస్తకంలో "10.40 నుంచి 1.15 వాన, హ్యాచ్‌లు మూసి" అని రాస్తాం. వాన టైము లెక్కలోకి రాదని ఒప్పందంలో ఉంటే ఆ రెండు గంటల 35 నిమిషాలు లేటైమ్‌లోంచి తీసేస్తారు. కానీ ఒకసారి డెమరేజ్ మొదలైందా, వేరేగా రాసుకుంటే తప్ప ఆ తర్వాత పడే వానా, వచ్చే ఆదివారం అన్నీ లెక్కలోకే. నన్నడిగితే కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

కొనేవాడు షిప్పు పెట్టుకున్నా, ఎక్కించే రేవులో ఆలస్యమైతే ఆ డెమరేజ్ అమ్మేవాడే భరించాలని చాలా ఒప్పందాల్లో రాస్తారు. ఇక బియ్యం మాటంటారా, నిక్షేపంగా ఉండుంటాయి, నాన్నగారికి చెప్పండి.

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర కొబ్బరి పొట్టు యూనిట్. ఖాళీ కంటైనర్ మా యార్డులో ఎక్కువ రోజులుందని డిటెన్షన్ బిల్లు వేశారు. ఇదీ డెమరేజేనా?

జవాబు: అన్నయ్యా, ఇది దాని తమ్ముడు. దిగుమతి కంటైనర్ సరుకుతో పోర్టులోనే ఉండిపోతే డెమరేజ్ అంటారు, బయటికి తీసుకెళ్లి టైముకి తిరిగివ్వకపోతే డిటెన్షన్. ఎగుమతిలో ఖాళీ పెట్టె తెచ్చుకున్న రోజు నుంచి లోడు చేసి పోర్టు గేటులో అప్పజెప్పేదాకా షిప్పింగ్ లైను వాళ్లు కొన్ని రోజులు ఫ్రీ ఇస్తారు, ఎన్నో మీ బుకింగ్‌లో ఉంటుంది. పొట్టు ఇంకా కళ్లంలో తడిగా ఆరుతుండగానే పెట్టె తెప్పించేసుకుని, నడిమధ్య ముసురు పట్టి, ఫ్రీ రోజులు అయిపోయుంటాయి, అవునా? పొట్టు ఆరి బ్లాకులు నొక్కాకే పెట్టె పిలిపించండి. ఈసారికి మాత్రం డ్రైవర్ దగ్గరున్న ఈఐఆర్ కాగితంలో, అంటే పెట్టె చేతులు మారినప్పుడు ఇచ్చే రసీదులో, పెట్టె ఏ తేదీన తీసుకున్నారో బిల్లుతో సరిచూసుకోండి, ఒకట్రెండు రోజులు ఎక్కువేసిన బిల్లులు నేను చూశాను.